పదివేల నాలుగొందల మూడు

మా బావ తాపీ పట్టుకుని గదిలో అడుగుపెడితే నాలుగు గోడలూ ఉలిక్కిపడి నిటారుగా నిలబడతాయని మా వీధిలో చెప్పుకునేవారు. అది ఉత్త అబద్ధం. పాతికేళ్ళు ఆయన పక్కన ఇసుక జల్లించినవాణ్ణి, నాకు తెలీదా. ఒక్క గోడే నిలబడేది. మిగతా మూడింటినీ ఆయన తిట్టి నిలబెట్టేవాడు.

ఆయన పని నేలలు పరచడం. పెద్ద బండలు కాదు, రెండు వేళ్ళ వెడల్పుండే చిన్న బిళ్ళలు. రాతివో, పెంకువో, ఎవరి ముచ్చట వాళ్ళది. ఆ పనికి మేం ముగ్గురం వెళ్ళేవాళ్ళం. బావ పరిచేవాడు. మా అక్క, అంటే ఆయన భార్య, బిళ్ళలు ఏరి, తుడిచి, లెక్కపెట్టి అందించేది. నా వంతు ఇసుక జల్లించడం, సున్నం కలపడం, చీవాట్లు తినడం. మూడోదే ఎక్కువగా ఉండేది.

బావకి రెండు పట్టింపులు. బిళ్ళను కొయ్యకూడదు. కోసినవాడు మేస్త్రీ కాదు, కసాయి అనేవాడు. ఇక రెండోది, పరుపులో, అంటే పరిచిన నేలలో, ఏ వరసా బోసిగా ఉండకూడదు. మొదటి వరసలో ఎన్ని బిళ్ళలుంటే చివరి వరసలోనూ అన్నే ఉండాలి. లేకపోతే నేల పళ్ళూడిన నోరు తెరుచుకుని నవ్వుతున్నట్టుంటుందనేవాడు.

అందుకని ఎవరైనా పిలిస్తే ఆయన ముందు గది కొలిచేవాడు కాదు, బిళ్ళలు లెక్కపెట్టించేవాడు. ఆ తర్వాత ఆ లెక్కని విరగ్గొట్టేవాడు. ఏడొందల ఇరవై వచ్చిందనుకోండి, ఆయన మొహం విప్పారేది. ఇరవై నాలుగు వరసలు ముప్ఫై చొప్పున కావాలా, ఇరవై వరసలు ముప్ఫై ఆరు చొప్పున కావాలా, ఎటు విరిస్తే అటు విరుగుతుంది. దాన్ని మెత్తని లెక్క అనేవాడు. అందులోంచి ఒక్క బిళ్ళని పిల్లి తన్నుకుపోయిందనుకోండి, ఏడొందల పంతొమ్మిది. అంతే, రాయి. రెండుతో విరగదు, మూడుతో విరగదు, పంతొమ్మిదితో విరగదు, దేనితోనూ విరగదు. ఒకే వరసగా వీధి చివరిదాకా పరుచుకుంటూ పోవాల్సిందే. అది మొండి లెక్క. వెన్నకీ రాయికీ మధ్య ఒక్క బిళ్ళ తేడా. అంకెలు ఎంత దగ్గరగా కాపురమున్నా వాటికి పక్కింటివాళ్ళ బుద్ధులు రావు.

ఒక లెక్క మొండిదో కాదో తేల్చడానికి బావ దగ్గర వాళ్ళ నాన్న చెప్పిన సూత్రం ఒకటుండేది. ఆ పెద్దాయనా నేలల మేస్త్రీయే. వంద లోపు అంకెలతో విరిచి చూడు, విరగలేదంటే ఇంక విరగదు, తాపీ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చెయ్ అని చెప్పాడట. కొడుక్కి ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి రెండే. ఆ సూత్రం, ఆ తాపీ. సూత్రం ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. తాపీ పిడి అరిగి అరిగి బావ అరచేతికి అచ్చు తీసినట్టుండేది. దాన్ని ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దానితో నేనొకసారి వీపు గోక్కున్నానని నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ హాయిగా గడిచాయనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి రోజుల్లో బిళ్ళల పెద్దమ్మ అని అందరూ పిలిచే ముసలావిడ మాకు కబురు పెట్టింది.

పెద్దమ్మ భర్త గాజు కార్ఖానాలో బట్టీ దగ్గర పనిచేసి, రిటైరై, కొన్నాళ్ళకి పోయాడు. మాటలు తక్కువ మనిషట. కాని పనికి వెళ్ళిన ప్రతిరోజూ, దిగిపోయేముందు ఊదే గొట్టం చివర మిగిలిన గాజుముద్దని చిన్న ఇనప అచ్చులో నొక్కి ఒక బిళ్ళ చేసేవాడు. చల్లారిన బిళ్ళని అన్నం డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చి, పెద్దమ్మ చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. ఆ రోజెలా గడిచిందో బిళ్ళే చెప్పాలి. మందు సీసాలు చేసిన రోజు గోధుమరంగుది, అత్తరు సీసాల రోజు నీలంది, ఏమీ తోచని రోజు నీళ్ళ రంగుది. పెద్దమ్మతో పోట్లాడిన మర్నాడు మాత్రం ఎక్కడెక్కడి మసో కలిపి నల్లది తెచ్చేవాడు. నల్లవి లెక్కపెట్టకు అమ్మాయ్ అని ఆమె మా అక్కకి ముందే చెప్పింది. అక్క ముందు అవే లెక్కపెట్టింది. ఆరొందల పన్నెండు. ముప్ఫై అయిదేళ్ళకి అది తక్కువే, మా ఇంట్లో అయితే మూడేళ్ళలో దాటేసేవాళ్ళం అని బావ వినేలా అంది.

ఆ బిళ్ళలన్నిటినీ పెద్దమ్మ వచ్చిన క్రమంలోనే డబ్బాల్లో సర్ది, మూతల మీద నెలా ఏడాదీ రాసి మేడమీది గదిలో పెట్టుకుంది. రోజూ మధ్యాహ్నం మేడెక్కి ఏదో ఒక డబ్బా మూత తీసి కూర్చోవడం ఆమెకి అలవాటు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. ఇంక మెట్లెక్కడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. ఆమె మంచం మేడ దిగి ముందుగదిలోకి వస్తోంది. డబ్బాలు మేడమీదే ఉండిపోతే, ఆమె ఇంక వాటి మొహం చూడలేదు. కింద పెడదామంటే డబ్బాలకే గది చాలదు, మంచం వీధిలో వేసుకోవాలి. అందుకని వాటిని ముందుగది నేలగా పరిపించుకుని, వాటిమీదే నడుస్తూ, వాటిని చూస్తూ ఉండాలని ఆమె కోరిక. షరతు ఒకటి పెట్టింది. అన్నీ ఉండాలి. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు, ముందువి వెనక్కి వెనకవి ముందుకి కాకూడదు.

ఇంతేనా పెద్దమ్మా అన్నాడు బావ. మా ఇంట్లో ఆ మాటకి ఇప్పటికీ నవ్వుతాం.

అక్క రెండు రోజులు లెక్కపెట్టింది. పళ్ళేనికి వంద చొప్పున నూటనాలుగు పళ్ళేలు నిండాయి, మూడు బిళ్ళలు మిగిలాయి. బావ నమ్మక నాచేత లెక్కపెట్టించాడు. నాకు ఒకటి ఎక్కువొచ్చింది. అది బిళ్ళ కాదని, నా చొక్కా బొత్తామని అక్క తేల్చింది. మూడోసారి బావ లెక్కపెట్టాడు. పదివేల నాలుగొందల మూడు.

బావ సుద్దముక్క తీసుకుని పెరటి గోడ దగ్గరికి వెళ్ళాడు. చివర మూడుంది కాబట్టి రెండు, అయిదు పోయాయి. అంకెలన్నీ కలిపితే ఎనిమిది, కాబట్టి మూడూ పోయింది. ఇంక మిగతావి. అన్ని అంకెలతోనూ విరవక్కర్లేదు. ఆరుతో విరిగేది రెండుతో ముందే విరిగి ఉంటుంది కదా. మొండివాణ్ణి మొండివాడే విరగ్గొట్టాలి అంటూ వంద లోపు మొండి అంకెల్ని ఒక్కొక్కటే పిలిచాడు. ఏడు వచ్చింది, ఒక బిళ్ళ మిగిల్చి పోయింది. పదకొండు ఎనిమిది మిగిల్చింది. పదమూడు మూడు మిగిల్చింది. పదిహేడు దగ్గర బావ మొహం ఒక్క క్షణం వెలిగింది, కాని ఒక బిళ్ళ తక్కువైంది. పంతొమ్మిది, ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, అలా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఆఖరికి తొంభై ఏడు వచ్చి ఇరవై నాలుగు బిళ్ళలు మిగిల్చి చక్కా పోయింది. బావ సుద్దముక్క పారేశాడు. ఆ గోడకి తర్వాత మూడుసార్లు సున్నం కొట్టారు. అయినా గట్టి వాన పడ్డప్పుడల్లా తొంభై ఏడు మళ్ళీ పైకి తేలుతుంది. నేనే రెండుసార్లు చూశాను.

ఇంతసేపూ అక్క మెట్ల మీద కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంది. ఖాళీ దొరికితే ఆమె చేతిలో ఆ సూదులుంటాయి. నాకు స్వెట్టరని మూడేళ్ళ కిందట మొదలుపెట్టింది. ఊలు చాలక అది చేతుల్లేని స్వెట్టరైంది, ఆ మీదట మఫ్లరైంది, ఆ చలికాలానికి టోపీ అయినా అవుతుందని నేను ఆశగా ఉన్నాను.

బావ లోపలికెళ్ళి పెద్దమ్మకి సంగతి చెప్పాడు. ఇది మొండి లెక్క, ఏ వరసలకీ లొంగదు. మూడు బిళ్ళలు తీసేస్తే మాత్రం నూరు వరసలు, వరసకి నూటనాలుగు, అద్దంలా వస్తుంది. మూడు నల్లవి తీసేద్దాం, పోట్లాట రోజులే కదా అని సలహా కూడా ఇచ్చాడు.

"అవి తీసేస్తే, ఆ మర్నాడు రాజీ పడ్డామే, ఆ రోజులు ఎందుకు వచ్చినట్టు మేస్త్రీ?" అంది పెద్దమ్మ.

పోనీ ఒకటి కలుపుదాం అన్నాడు బావ. ఒక్కటి కలిపితే పదివేల నాలుగొందల నాలుగు. నూటరెండు వరసలు, వరసకి నూటరెండు. నాలుగు వైపులా సమానం. మా నాన్న కూడా అంత అందమైన చదరం పరచలేదు, కార్ఖానాకి వెళ్ళి అలాంటిదే ఒకటి చేయించుకొస్తాను అన్నాడు.

ఆయన వెళ్ళని రోజుకి బిళ్ళెక్కడిది అంది ఆమె.

ఇంకేముంది, బావకి రోషం పొడుచుకొచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. పైగా ఈసారి కుందేల్ని ఇరవై రెండు మొండి అంకెలతో తడిమి చూసి మరీ వచ్చాడు. పెరట్లోకొచ్చి మా ఇద్దరి ముందూ తాపీ పైకెత్తి, ఈ లెక్కకి ఒక్క ఖాళీ లేకుండా వరసలు కట్టినవాళ్ళకి మా నాన్న తాపీ ఇచ్చేస్తాను అన్నాడు.

అక్క సూదులు ఆగాయి. "ఎవరికైనానా?"

"ఎవరికైనా."

"తమ్ముడూ, విన్నావుగా."

విన్నాను. వినకుండా ఉంటే బాగుండేదని బావ నాతో తర్వాత చాలాసార్లు అన్నాడు. చెవులు నావే కాని సాక్ష్యం అక్కది అని చెప్పాను.

అయినా బావ పెద్దమ్మని అలా వదిలెయ్యలేదు. అదొక్కటీ ఆయనలో మెచ్చుకోవాలి. కళ్ళతో చూస్తే ఆవిడే ఒప్పుకుంటుంది, పొడిగా పేర్చి చూపిద్దాం అన్నాడు. అంటే సున్నం లేకుండా ఊరికే పాత నేల మీద పేర్చడం. మూడు రోజులు పట్టింది. నేను డబ్బాలు మోశాను. మేడమెట్లు పద్దెనిమిది. మూడో రోజుకి అవి ముప్ఫై ఆరయ్యాయి. అక్క క్రమం తప్పకుండా అందించింది. బావ దారం కట్టి, బద్ద పెట్టి, ఎదుటి గోడ దగ్గర మొదటి రోజుతో మొదలుపెట్టి గుమ్మం దాకా నూటరెండు వరసలు పేర్చుకుంటూ వచ్చాడు. నూట ఒక్క వరసలు నిండుగా వచ్చాయి. ఆఖరి వరసలో నూట ఒక్క బిళ్ళలే పడ్డాయి. గుమ్మం పక్క మూలలో ఒక్క బిళ్ళంత ఖాళీ. అందులో తెల్లరాయి ముక్క ఒకటి పెడతాను, ముత్యంలా ఉంటుందని బావ ఆశ.

పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. గుమ్మంలో కుర్చీ వేశాం. కిటికీలోంచి ఎండ పడి గది మొత్తం సీసాలన్నీ ఒకేసారి బోర్లించినట్టు మెరిసింది. ఆమె చాలాసేపు చూసింది. అదిగో ఆ నీలాల గుంపు వాన పడ్డ ఏడాది అంది. అదిగో ఆ మూడు నల్లవి వరసగా, చుట్టం ఒకాయన వచ్చి వెళ్ళనన్నప్పటివి అంది. నవ్వింది కూడా. బావ నాకేసి చూసి కనుబొమ్మలెగరేశాడు.

అప్పుడామె చూపు మూల దగ్గరికి వచ్చింది. వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"ఇంటికొచ్చినవాళ్ళు ముందు ఏం చూస్తారు మేస్త్రీ?"

బావ ఆ మూలకి అడ్డంగా జరిగాడు.

"పదివేల రోజులు చూడరు. ఈ రాని రోజు చూస్తారు. ఆయన ఒక్కరోజు నాగా పెట్టలేదయ్యా. ఇప్పుడు నేల మీద పెట్టించనా?"

కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే బావ దెబ్బలాడేవాడు. ఇంత కష్టపెట్టినందుకు ఏమీ అనుకోవద్దని, డబ్బాల్లో సర్ది మళ్ళీ మేడమీద పెట్టెయ్యమని, తాళంచెవి తనకివ్వక్కర్లేదని చెప్పి కర్ర అందుకుంది. ఇంక ఆ మెట్లెక్కేది లేదు కదా మరి.

బావ తల వంచుకుని దారం చుట్టడం మొదలుపెట్టాడు. నేను మొదటి డబ్బా తెచ్చి మూత తీశాను. తీయగానే అక్క నా చేతిమీద ఒక దెబ్బ వేసింది.

ఆమె ఆఖరి వరసనే చూస్తోంది. అల్లికలో ఇలా వరస సగంలో దారం అయిపోతే నేనేం చేస్తానో తెలుసా అని బావని అడిగింది. టోపీ చేస్తావు అన్నాడు బావ, అంత దిగులులోనూ.

"ఆ వరస విప్పేస్తాను. విప్పిన దారంతో పక్కన అంచు కడతాను."

అని గుమ్మం దగ్గర చతికిలబడి ఆ ఆఖరి వరసని, ఏ తేదీ తర్వాత ఏ తేదీయో తప్పకుండా, ఒక్కొక్క బిళ్ళే తీసి చిన్న పళ్ళేల్లోకి సర్దుకుంది. ఖాళీతో పాటు వరసే పోయింది. ఇప్పుడు నేల మీద ఉన్నవన్నీ నిండు వరసలే. బావ నెత్తి కొట్టుకున్నాడు. బాగుంది, ఒక రోజు నాగా అంటే ఏడుస్తుంటే నువ్వు నాలుగు నెలలు నాగా పెట్టించావు అన్నాడు. అక్క పళ్ళేలు తీసుకుని కిటికీ వైపుకి వెళ్ళింది. అటు పరుపుకీ గోడకీ మధ్య మూరెడు జాగా ఉంది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని మొదటి వరస చివర ఒక బిళ్ళ పెట్టింది. రెండో వరస చివర ఇంకోటి. మూడో వరస చివర ఇంకోటి. అలా వెనక్కి జరుగుతూ గుమ్మం వైపు వస్తోంది.

ఏం చేస్తోందో మాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు మొహం పెట్టడం నాకు అలవాటు కాబట్టి అదే పెట్టాను. పెద్దమ్మ లేవబోయినది మళ్ళీ కూర్చుంది. సగం దూరం వచ్చేసరికి బావ దారం చుట్టడం ఆపాడు. మూడొంతులు వచ్చేసరికి దారం చేతిలోంచి జారిపోయింది. నేను లోపల్లోపల నాతోనే పందెం కాశాను, రెండు బిళ్ళలు మిగులుతాయని. వరసలు పదున్నాయి, పళ్ళెంలో గుప్పెడున్నాయి. వరసలు మూడున్నాయి, పళ్ళెంలో ఎన్నో అక్క చెయ్యి అడ్డంగా ఉండి కనిపించలేదు. ఆఖరి వరస చివర, గుమ్మం పక్కన, అక్క ఒక బిళ్ళ పెట్టి, పళ్ళెం బోర్లించి చూపించింది.

ఖాళీ.

ఒక వరసా బోసిగా లేదు. ఒక బిళ్ళా మిగల్లేదు.

ఎంత తేలికో చూడండి. నూటరెండు వరసల్లో ఒకటి విప్పేసింది, నూటొకటి మిగిలాయి. విప్పిన వరసలో ఒక బిళ్ళ లేదు కాబట్టి అందులో ఉన్నవీ నూటొకటే. వరసకి ఒకటి. అటు నూటొకటి, ఇటు నూటమూడు. ఆ లేని బిళ్ళే లెక్క కుదిర్చింది. అది ఉండి ఉంటే ఒకటి మిగిలిపోయి ఉండేది.

బావ గోడ పట్టుకుని అటు చివర నుంచి లెక్కపెట్టాడు, ఇటు చివర నుంచి లెక్కపెట్టాడు, నన్ను పక్కకి నెట్టి పెరట్లోకి పరిగెత్తాడు. వెనకే వెళ్ళాను. పారేసిన సుద్దముక్క వెతికి, తొంభై ఏడు కింద నూటొకటి రాశాడు. రాసి భాగించాడు. ఏమీ మిగల్లేదు. తొంభై ఏడు తర్వాత వచ్చే మొండి అంకె నూటొకటే. ఆయన మానేసిన చోటు నుంచి సరిగ్గా ఒక్క మెట్టు.

"నాన్న అబద్ధం చెప్పాడా" అన్నాడు. ఆ మాట నాతో కాదు, గోడతో.

చెప్పలేదు. ఆ సంగతి మర్నాడు ఆయనకే తట్టింది. పరుపుకి రెండు వైపులుంటాయి. రెండు వైపులూ వంద దాటాయంటే, వంద వందలు పదివేలు, మొత్తం బిళ్ళలు పదివేలు దాటి తీరాలి. కాబట్టి పదివేల లోపు ఏ లెక్క విరిగినా, ఒక వైపు వందకి లోపలే విరుగుతుంది. వంద దాకా చూస్తే చాలు. పెద్దాయన సూత్రం బంగారం. కాని పెద్దాయన జన్మలో పదివేల బిళ్ళల నేల పరచలేదు, కొడుకూ పరచలేదు. ఎవరూ అడగలేదు. ఇది నాలుగొందల మూడు బిళ్ళలు గడప దాటి అవతల కూర్చుంది. తండ్రి చెప్పిన మాట కొడుకు తు.చ. తప్పకుండా పాటిస్తే ఒక్కోసారి ఇలా జరుగుతుందని నేనన్నాను. చీవాట్లు తిన్నాను.

ఇక పెద్దమ్మ సంగతి. కిటికీ వైపు నిలువుగా నిలబడ్డవి ఆయన పనిచేసిన ఆఖరి నాలుగు నెలల బిళ్ళలు. క్రమం ప్రకారం కావాలంటే అంతా తీసి, వరసకి నూటమూడు చొప్పున మళ్ళీ మొదటినుంచి పేరుస్తామని బావ ఒప్పుకున్నాడు. మేడమెట్లు నాకు కళ్ళముందు కనిపించాయి. పెద్దమ్మ కర్రతో అక్కర్లేదన్నట్టు ఊపింది.

"ఉంచెయ్. పాత రోజుల ఒక్కో వరసకీ ఒక్కోటి తోడు నిలబడింది. మంచం ఆ పక్కనే వెయ్యండి."

ఆ నిలువు వరసలో నల్లది ఒక్కటే ఉంది. అదేమిటని అక్క అడిగింది. రిటైరయ్యాక ఇంట్లో ఏం చేస్తారు అని అడిగానులే అంది పెద్దమ్మ. బావ ఆమెకి లెక్కంతా వివరించి, నూటొకటీ మొండిదే, నూటమూడూ మొండిదే, ఆ ఇద్దరు మొండివాళ్ళు తప్ప ఈ లెక్కని ఇంకెవరూ విరగ్గొట్టలేరు అని చెప్పాడు. ఇద్దరు మొండివాళ్ళ కాపురమని నాకు ముప్ఫై అయిదేళ్ళుగా తెలుసు, దానికి సుద్దముక్క ఎందుకయ్యా అందామె.

పరుపు చుట్టూ మామూలు రాతి అంచు వేసి, సున్నంలో కూర్చి, మెరుగు పెట్టడానికి పదిహేను రోజులు పట్టింది. పూర్తయిన రోజు పెద్దమ్మ చెప్పుల్లేకుండా, కర్ర గుమ్మంలోనే వదిలేసి నడిచింది. గోడ పట్టుకుని ఒక్కో వరసా దాటుతూ పోయింది. వాన ఏడాది దాటింది, చుట్టం వచ్చిన వారం దాటింది. అటు గోడ దగ్గరికి వెళ్ళి మొదటి బిళ్ళ మీద నిలబడి, ఇది ఇవ్వడానికి గుమ్మంలో గంటసేపు సిగ్గుపడ్డాడు అని మాకు చెప్పి, కాసేపు అక్కడే ఉంది. మేం ముగ్గురం పెరట్లోకి వెళ్ళి పళ్ళేలు కడుక్కున్నాం. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

తర్వాత ఇంట్లో గింజలతో పేర్చి చూశాను. తొమ్మిది గింజల చదరంలోంచి ఒకటి తీస్తే ఎనిమిది, రెండు వరసలు నాలుగు చొప్పున. పదహారులోంచి ఒకటి తీస్తే పదిహేను, మూడు వరసలు అయిదు చొప్పున. ఎంత పెద్ద చదరమైనా సరే, ఒక్కటి లాగేశారంటే మెత్తబడి కూర్చుంటుంది. నమ్మకం లేకపోతే మీరూ పేర్చి చూసుకోండి.

ఇక తాపీ. బావ మాట తప్పే మనిషి కాదు. పెద్దమ్మ ఇంటి గడప దాటి బయటికి రాగానే దాన్ని కడిగి, తుడిచి, అక్క చేతిలో పెట్టాడు. కన్నకూతుర్ని అత్తారింటికి పంపినవాడు కూడా అంతలా వెనక్కి తిరిగి చూడడు. అక్క దాన్ని ఊలు బుట్టలో పెట్టుకుంది. మరి మర్నాడు పనికెలా? రోజూ పొద్దున్నే బావ వెళ్ళి ఆమెని అడగాలి. ఆమె ఒక లెక్క చెబుతుంది. మెత్తనిదో మొండిదో బావ చెప్పాలి. సరిగ్గా చెబితే ఆ రోజుకి తాపీ ఆయనది. సాయంత్రం మళ్ళీ బుట్టలోకి.

బావ చాన్నాళ్ళు ఓడలేదు. అక్క వంద రకాలుగా అడిగేది, కాని చదరానికి ఒకటి తక్కువ లెక్కలంటే ఆమెకి ప్రేమ, తన గెలుపు గుర్తొస్తుంది కదా. పదహారొందలకి ఒకటి తక్కువ అనేది. మెత్తనిది, ముప్ఫై తొమ్మిది వరసలు నలభై ఒకటి చొప్పున అని బావ చెప్పులేసుకుంటూనే చెప్పేసేవాడు. చివరికి ఆ మాట వినగానే అడిగింది పూర్తిగా వినకుండానే మెత్తనిది అనేసి బుట్టలో చెయ్యి పెట్టేసేవాడు.

ఒక రోజు పొద్దున్న అక్క సూదుల మీంచి కళ్ళెత్తకుండా అడిగింది.

"నాలుగుకి ఒకటి తక్కువ?"

"మెత్తనిది" అని బావ తాపీ అందుకున్నాడు.

అందుకుని, గుమ్మం దాకా వెళ్ళి, ఆగాడు. వేళ్ళు మడిచి చూసుకున్నాడు. మూడు. నాలుగు బిళ్ళల చదరం ఎవరూ పరిపించుకోరు, అందుకే దాని సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తే రాలేదు. రెండు రెళ్ళ నాలుగులోంచి ఒకటి తీస్తే, ఒకే వరసలో మూడు. ఎలా పేర్చినా ఒకే వరస. పదివేల నాలుగొందల మూడుతో కుస్తీ పట్టిన మేస్త్రీ, పసిపిల్లలు వేళ్ళ మీద చెప్పే మూడు దగ్గర పడ్డాడు.

వెనక్కొచ్చి తాపీ బుట్టలో పెట్టేశాడు.

ఆ రోజు నేల అక్క పరిచింది. బావ ఇసుక జల్లించాడు, సున్నం కలిపాడు. చీవాట్లు మాత్రం నేను పెట్టాను. పాతికేళ్ళవి దాచుకున్నాను మరి.